చెయ్యి వెనక్కి పోవడం లేదా?



ఈ మాటలు వింటున్న మీరు ఎక్కడ కూర్చున్నా సరే, ముందుగా ఒక చిన్న పని చేయండి. కుడి చెయ్యి నడుము వెనక్కి పోనిచ్చి, బొటనవేలితో వెన్నెముకను తాకి, మెల్లగా పైకి పాకించండి. ఎంతవరకు వెళ్లిందో గుర్తు పెట్టుకోండి. తర్వాత ఎడమ చెయ్యి కూడా అలాగే పోనివ్వండి. రెండూ ఇంచుమించు ఒకే ఎత్తుకు వెళ్లాయా? కుడిచేతివాటం వాళ్లకు కుడి చెయ్యి ఒక అంగుళమో రెండంగుళాలో తక్కువగా వెళ్లడం మామూలే, దానికి కంగారు పడనక్కర్లేదు. కాని ఒక చెయ్యి రెక్కల మధ్య దాకా వెళ్లి, రెండోది మొలతాడు దగ్గరే ఆగిపోయి, ఇంకాస్త పోనిస్తే ప్రాణం పోయేలా గుచ్చుకుంటోందంటే మాత్రం ఈ ప్రసంగం మీ కోసమే. చేతులు రెండూ బాగున్నవాళ్లు మీ ఇంట్లో నలభై దాటిన వాళ్ల కోసం వినండి.

దీన్ని మనవాళ్లు రకరకాలుగా చెబుతారు. భుజం పట్టేసిందంటారు, రెట్ట బిగిసిందంటారు, జబ్బ లేవడం లేదంటారు. కొందరు వాతమని ఊరుకుంటారు. ఆయుర్వేదంలో అవబాహుకం అనే పేరుంది. ఇంగ్లీషు వైద్యంలో 1872లో డుప్లే అనే ఫ్రెంచి డాక్టరు దీన్ని వర్ణించాడు. ఆయన పెట్టిన పేరులోని పెరిఆర్థ్రయిటిస్ అనే మాటే మన ఆస్పత్రుల చీటీల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. 1934లో అమెరికాలో బోస్టన్ నగరపు డాక్టరు కాడ్‌మన్, ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు. అంటే గడ్డకట్టిన భుజం. జపాన్‌లో సామాన్య జనం దీన్ని 'యాభై ఏళ్ల భుజం' అంటారట. ఈ పేర్లన్నిటిలో నాకు నచ్చింది అదే. ఎవరికి వస్తుందో పేరులోనే చెప్పేశారు.

అసలు భుజం ఎలా పనిచేస్తుందో నాలుగు మాటల్లో చూద్దాం. మన ఒంట్లో అన్ని కీళ్లలోకీ ఎక్కువ వైపులకు తిరిగేది భుజమే. మోకాలు తలుపు బందులాగా ముందుకీ వెనక్కీ ఆడుతుంది, అంతే. భుజం అలా కాదు. పైకి, పక్కకి, వెనక్కి, లోపలికి, బయటికి, గుండ్రంగా అన్ని వైపులకూ తిరగాలి. అందుకని ప్రకృతి దాని కట్టు వదులుగా పెట్టింది. చేతి ఎముక పైన ఉండే గుండు పెద్దది, అది ఆనుకునే రెక్క ఎముక గుంట చిన్నది, లోతు కూడా లేదు. చిన్న సాసరు మీద పెద్ద నిమ్మకాయ పెట్టినట్టు ఉంటుంది. ఆ నిమ్మకాయ జారిపోకుండా చుట్టూ ఒక పలుచని సంచి, ఆ సంచి మీద నాలుగు కండరాల పట్టీలు ఉంటాయి. సంచి వదులుగా ఉండి, చంక కింద ముడతలు పడి ఉంటుంది. చెయ్యి పైకెత్తినప్పుడు ఆ ముడతలు విచ్చుకుంటాయి.

భుజం పట్టేయడం అంటే ఈ సంచికి వాపు వచ్చి, అది దళసరిగా మారి, ముడుచుకుపోవడం. చంక కింది ముడతలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆరోగ్యంగా ఉన్న కీలులో పట్టే ద్రవంతో పోలిస్తే బిగిసిన కీలులో సగం కూడా పట్టదు. అమ్మలకు ఒక్క పోలికతో అర్థమవుతుంది. దర్జీ చంక దగ్గర మరీ బిగించి కుట్టిన రవిక తొడుక్కుంటే ఏమవుతుంది? చెయ్యి ఎత్తితే చెయ్యి ఒక్కటే లేవదు, రవిక మొత్తం పైకి లేస్తుంది. భుజం బిగిసిన మనిషి చెయ్యి ఎత్తినప్పుడు జరిగేదీ సరిగ్గా అదే. చెయ్యితోపాటు రెక్క ఎముక, మెడ, ఒక పక్క ఒళ్లంతా పైకి వస్తాయి. చెయ్యి పూర్తిగా పైకి లేవడమంటే 180 డిగ్రీలు. అందులో సుమారు 120 భుజం కీలుది, మిగతా 60 రెక్క ఎముకది. కీలు బిగిస్తే పనంతా రెక్క మీద పడుతుంది. అందుకే భుజం పట్టిన మూడు నెలలకు మెడనొప్పి అంటూ వస్తారు చాలామంది. మెడకు నూనె రాస్తారు, మెడకు పట్టీ వేస్తారు, అసలు జబ్బు భుజంలో ఉండిపోతుంది.

ఇక రోజువారీ పనుల సంగతికి వద్దాం. ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పదలచింది ఇదే. ఎందుకంటే భుజం జబ్బు ఎక్స్‌రేలో కనిపించదు. భుజం బిగిసినవాళ్ల ఎక్స్‌రే చాలావరకు మామూలుగానే ఉంటుంది. బయటికి వాపు కనిపించదు, జ్వరం రాదు. చూసేవాళ్లకు మనిషి నిక్షేపంగా ఉన్నట్టు అనిపిస్తుంది. దాంతో 'ఏమీ లేదు, పని తప్పించుకోవడానికి నొప్పి అంటోంది' అనే మాట ఇంట్లో వినిపిస్తుంది. ఆ మాట భుజం నొప్పికన్నా ఎక్కువ బాధ పెడుతుంది. కాబట్టి ఇంట్లోవాళ్లు ఎక్స్‌రే ముక్కను పక్కన పెట్టి మనిషి చేసే పనులను చూడాలి.

పొద్దున లేచిన దగ్గర్నుంచి చూడండి. అత్తగారు ఏడాది క్రితం దాకా శుభ్రంగా జడ వేసుకునేది. ఇప్పుడు జుట్టు ఒక చేత్తో చుట్టి ముడి వేసేస్తోంది. 'ఏమత్తయ్యా, జడ వేసుకోవడం మానేశారు?' అని కోడలు అడిగితే, 'ఈ వయసులో జడేమిటే' అంటుంది. వయసు ఒక సాకు. జడ వేసుకోవాలంటే రెండు చేతులూ తల వెనక్కి పోవాలి, మోచేతులు పక్కలకు విచ్చుకోవాలి. భుజం బయటికి తిరగడమంటే అదే. బిగుసుకునే భుజం మొట్టమొదట, అన్నిటికన్నా ఎక్కువగా పోగొట్టుకునేది ఈ బయటి తిరుగుడునే. ఆ తర్వాత పక్కకు ఎత్తడం, ఆ తర్వాత నడుము వెనక్కి పోనివ్వడం తగ్గుతాయి.

నడుము వెనక్కి చెయ్యి పోకపోతే ఎన్ని పనులు ఆగిపోతాయో మగవాళ్లు చెప్పుకోరు. పంచె వెనక గోచీ దోపుకోలేరు. ప్యాంటు వెనక జేబులో పర్సు తీయలేరు. వీపు రుద్దుకోలేరు. చీర కుచ్చిళ్లు ముందువైపే కాబట్టి ఎలాగో దోపుకుంటారుగాని, చీర చెంగు వెనకనుంచి తెచ్చి నడుములో దోపడం దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఇంకో మాట కూడా ఉంది, రేడియోలో చెప్పడానికి నేను మొహమాటపడను. దొడ్డికి వెళ్లాక కడుక్కోవడానికి చెయ్యి వెనక్కి పోవాలి. ఎడమ భుజం బిగిసిన పెద్దవాళ్లు ఎంతోమంది ఈ ఒక్క కారణంతో తిండి తగ్గించేస్తారు. ఊరికి వెళ్లడం మానేస్తారు, పెళ్లిళ్లకు పోరు. ఎవరికీ కారణం చెప్పరు. మీ ఇంట్లో పెద్దాయన ఉన్నట్టుండి బయటికి కదలడం మానేస్తే ఒకసారి ఆయన చెయ్యి వెనక్కి ఎంత పోతోందో చూడండి. పీఠం ఎత్తుగా ఉన్న దొడ్డి, చేతి కుళాయి గొట్టం, చెంబు పెట్టుకునే చోటు ముందువైపుకు మార్చడం, ఇలాంటి చిన్న ఏర్పాట్లతో ఆ మనిషి మళ్లీ తల ఎత్తుకుని తిరుగుతాడు.

విచిత్రం ఏమిటంటే అన్నం తినడానికి మాత్రం పెద్దగా ఇబ్బంది ఉండదు. ముద్ద నోటికి తీసుకెళ్లడానికి మోచెయ్యి వంగితే చాలు, భుజం కొద్దిగా కదిలితే సరిపోతుంది. 'కంచం ఖాళీ చేయడానికి నొప్పి లేదు, దండెం మీద బట్టలు వేయడానికి మాత్రం నొప్పి' అని ఎవరైనా ఎత్తిపొడిస్తే, అది అబద్ధం కాదమ్మా అని చెప్పండి. దండెం మీద బట్ట వేయడం, అటక మీది డబ్బా తీయడం, బస్సులో పైకడ్డీ పట్టుకోవడం, గుళ్లో గంట కొట్టడం, వీటికి చెయ్యి తల ఎత్తు దాటాలి. రోజువారీ పనులన్నీ ఇబ్బంది లేకుండా సాగాలంటే 180 డిగ్రీలలో కనీసం 120 దాకా చెయ్యి లేవాలని లెక్క వేశారు. బాగా బిగిసిన భుజం 90 కూడా దాటదు.

మన సరిహద్దు ప్రాంతాల తెలుగువాళ్లలో చేతిపని మీద బతికేవాళ్లు ఎక్కువ. షోలాపూరులో, బరంపురంలో మగ్గాల మీద ఉన్న కుటుంబాలు తరాల కిందట ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుంచి వెళ్లినవే. మగ్గం పని సంగతి ఆలోచించండి. ఒక చేత్తో తాడు లాగి నాడెను పరుగెత్తించాలి, రెండో చేత్తో పలకను దగ్గరికి లాక్కోవాలి. ఈ రెండూ ఛాతీకి ముందు, భుజం ఎత్తుకు లోపలే జరిగే కదలికలు. కాబట్టి భుజం సగం బిగిసేదాకా మగ్గం ఆగదు. చెయ్యి పైకి ఎత్తాల్సిన పని, వెనక్కి పోనివ్వాల్సిన పని మగ్గం గుంటలో ఉండదు. పడుగు పరిచి సాగదీసే రోజునో, పెళ్లికి పోతూ చొక్కా తొడుక్కునే రోజునో బయటపడుతుంది. అప్పటికి నాలుగైదు నెలలు గడిచిపోయి ఉంటాయి. షోలాపూరులో బీడీలు చుట్టే అమ్మలదీ ఇదే పరిస్థితి. ఒడిలో చేట పెట్టుకుని, మోచేతులు పక్కటెముకలకు ఆనించి గంటల తరబడి కూర్చుంటారు. ఆ పని భుజాన్ని అరగదీయదు, నిజమే. కాని భుజం బిగుసుకుంటున్న సంగతి మనిషికి తెలియనివ్వదు.

యానాంలో గోదావరి మీద వల విసిరే వాళ్ల సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. విసురు వల విసరాలంటే చెయ్యి వెనక్కి, బయటికి తిప్పి ఒళ్లంతా మెలి తిప్పాలి. ముందే చెప్పాను, బయటి తిరుగుడే మొదట పోతుందని. అందుకే వలవాడికి జబ్బు మొదటి నెలలోనే తెలిసిపోతుంది. వల గుండ్రంగా విచ్చుకోకుండా ఒక పక్క ముద్దగా పడుతుంది. ముందుగా తెలియడం ఒక రకంగా అదృష్టమే. కాని ఆ రోజు నుంచే అతని కూలీ పోతుంది. కోలారు వైపు టమాటా పెట్టెలు లారీకి ఎక్కించే వాళ్లకూ అంతే. ఛాతీ దాకా ఎత్తగలరు, అక్కణ్ణుంచి పైకి నెట్టలేరు.

ఇది ఎవరికి వస్తుంది? నూటికి ఇద్దరు నుంచి అయిదుగురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో కాస్త ఎక్కువ. చాలామందికి కారణమేమీ కనిపించదు. బరువెత్తానని, పక్కకు ఒత్తిగిలి పడుకున్నానని ఏదో ఒకటి చెబుతారుగాని అది కారణం కానక్కర్లేదు. కాని ఒక్క జబ్బుతో మాత్రం దీనికి గట్టి చుట్టరికం ఉంది. అది చక్కెర జబ్బు.

ఈ మాట కొంచెం నిదానంగా చెబుతాను. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు భుజం పట్టేయడం మిగతావాళ్లకన్నా అయిదు రెట్ల దాకా ఎక్కువ. వాళ్లలో నూటికి పదిమందికి పైగా ఇది కనిపిస్తుంది. వచ్చినప్పుడు మొండిగా వస్తుంది, ఎక్కువ కాలం ఉంటుంది, రెండు భుజాలకూ రావచ్చు. రక్తంలో చక్కెర ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే కీలు సంచిలోని పీచు బిరుసెక్కుతుంది. చక్కెర జబ్బు ఉన్న కొందరికి వేళ్లు బిగిసి రెండు అరచేతులూ కలిపి నమస్కారం పెట్టినప్పుడు సందు కనిపించడం కూడా ఇలాంటిదే. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో పది కోట్ల మందికి పైగా చక్కెర జబ్బు ఉంది. వాళ్లలో చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. భుజం పట్టిందని వెళ్లి పరీక్ష చేయించుకుంటే చక్కెర బయటపడిన వాళ్లు ఎందరో. కాబట్టి నలభై దాటి, దెబ్బ తగలకుండా భుజం బిగిస్తే, భుజానికి మందు అడిగే ముందు రక్తంలో చక్కెర చూపించుకోండి. ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష, రక్తపోటు పరీక్ష ఉచితంగా చేస్తారు. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా చేస్తారు. గొంతులో థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లకూ భుజం పట్టే అవకాశం ఎక్కువ, అది కూడా అడగండి.

ఇంకో దారిలో వచ్చేది ఉంది. చెయ్యి కదల్చకుండా ఉంచడం వల్ల వచ్చేది. మణికట్టు విరిగి కట్టు కట్టించుకుంటారు. పుత్తూరు కట్టు పేరు తెలియనివాళ్లు చిత్తూరు చుట్టుపక్కల తమిళ, కన్నడ పల్లెల్లో ఉండరు. పిండికట్టు అయినా, ఆకుకట్టు అయినా సంగతి ఒకటే. విరిగింది మణికట్టు. మెడకు గుడ్డ వేసి వేలాడదీసింది చెయ్యంతా. ఆరు వారాలకు మణికట్టు అతుక్కుంటుంది, ఈలోపు భుజం బిగుస్తుంది. కట్టు కట్టినవారిని ఆ రోజే అడగండి: 'అయ్యా, భుజం కదపవచ్చా, ఎప్పటినుంచి, ఎంతవరకు?' చాలాసార్లు మర్నాటి నుంచే కదపవచ్చు. పక్షవాతం వచ్చిన మనిషి చెయ్యి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మంచం మీంచి లేపేటప్పుడు చచ్చుపడ్డ చెయ్యి పట్టుకుని లాగకండి. చంకలో చెయ్యి వేసి గుంజకండి. వీపు వెనక, నడుము దగ్గర పట్టుకుని లేపండి. రొమ్ము ఆపరేషన్ అయిన అమ్మలు కూడా డాక్టరు అనుమతించిన రోజు నుంచి చెయ్యి ఎత్తడం మొదలుపెట్టాలి.

ఈ జబ్బు నడక మూడు అంచెలుగా ఉంటుంది. మొదట నొప్పి కాలం. పగటికన్నా రాత్రి ఎక్కువ. ఆ పక్కకు ఒత్తిగిలితే మెలకువ వచ్చేస్తుంది. ఇది రెండు నెలల నుంచి తొమ్మిది నెలల దాకా ఉండవచ్చు. తర్వాత బిగుసు కాలం. నొప్పి తగ్గుతుంది, మనిషి హమ్మయ్య అనుకుంటాడు, కాని చెయ్యి కొయ్యబారి ఉంటుంది. నాలుగు నెలల నుంచి ఏడాది దాకా ఇంతే. ఆ తర్వాత సడలే కాలం. మెల్లగా, వేలెడు వేలెడు చొప్పున కదలిక తిరిగి వస్తుంది. అన్నీ కలిపి ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా పడుతుంది. దానంతట అదే పోతుందిలే అని చెప్పేవాళ్ల మాటలో కొంత నిజముంది. కాని రోజుకూలీ మీద బతికేవాడికి మూడేళ్లంటే ఒక ఇల్లు కూలిపోయే కాలం. పైగా ఏమీ చేయకుండా వదిలేసిన కొందరికి చివరికి కొంత బిగుతు మిగిలిపోతుంది.

భుజం నొప్పులన్నీ ఇదే అనుకోకండి. ఒక పరీక్ష మీ ఇంట్లోనే చేసి చూడండి. నొప్పి ఉన్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఒళ్లంతా వదులు చేయమని, మీరే మెల్లగా ఆ చెయ్యి పైకి లేపండి. తనంతట తాను లేపలేనిది మీరు లేపితే సులువుగా పైదాకా పోయిందంటే కీలు బిగియలేదు. కండరపు పట్టీ చిరిగి ఉండవచ్చు, నరం సంగతి కావచ్చు. మీరు లేపినా అక్కడే ఆగిపోతే అది బిగిసిన భుజం. కింద పడిన తర్వాత చెయ్యి లేవకపోతే, జ్వరంతో భుజం వేడెక్కి వాస్తే, ఒళ్లు తగ్గిపోతూ నొప్పి పెరుగుతుంటే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా వెంటనే చూపించాలి. ఇంకొకటి, మెట్లెక్కినప్పుడో పనిచేసినప్పుడో ఎడమ భుజం, దవడ, ఛాతీ లాగుతూ చెమట పడితే అది గుండె నొప్పి. అప్పుడు భుజానికి నూనె రాస్తూ కూర్చోకూడదు.

వైద్యం సంగతి. నొప్పి కాలంలో నొప్పి తగ్గించే మాత్రలు కొద్దిరోజులు ఇస్తారు. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు ఆ మాత్రలు దుకాణంలో అడిగి కొని మింగవద్దు. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒకటి ఇస్తే మొదటి నెలల్లో రాత్రి నొప్పి బాగా తగ్గుతుంది. ఆ పేరు వింటేనే భయపడతారు మనవాళ్లు. తగిన చోట, తగిన చేత్తో చేస్తే మంచి మందే. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఇంజెక్షన్ తర్వాత కొన్నిరోజులు చక్కెర పెరుగుతుంది, ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పి చూసుకుంటూ ఉండాలి. మొండికేసిన భుజానికి మత్తు ఇచ్చి కీలు విడదీయడం, చిన్న రంధ్రం గుండా గొట్టం పోనిచ్చి బిగిసిన సంచిని కోయడం కూడా ఉన్నాయి. 2020లో బ్రిటన్‌లో 503 మంది రోగుల మీద చేసిన ఒక పరిశీలన లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇంజెక్షన్‌తోపాటు క్రమమైన వ్యాయామం, మత్తులో విడదీయడం, గొట్టంతో చేసే ఆపరేషన్, ఈ మూడింటినీ పోల్చి చూశారు. ఏడాది తిరిగేసరికి మూడు వర్గాల వాళ్లూ బాగా కోలుకున్నారు. ఏ ఒక్కటీ మిగతావాటిని స్పష్టంగా మించలేదు. అంటే చేను తాకట్టు పెట్టి ఆపరేషన్‌కు పరుగెత్తే ముందు వ్యాయామానికి ఆరునెలలు ఇచ్చి చూడడం తెలివైన పని.

వ్యాయామానికి యంత్రాలు అక్కర్లేదు. ముందు వేడినీళ్లలో పిండిన తువ్వాలు భుజం మీద పది నిమిషాలు వేయండి. చక్కెర జబ్బుతో చర్మం మొద్దుబారినవాళ్లు వేడిని ఇంకొకరి చేత చూపించుకోవాలి, లేకపోతే బొబ్బలెక్కుతుంది. తర్వాత బాగున్న చెయ్యి బల్ల మీద ఆనించి ముందుకు వంగి, నొప్పి ఉన్న చెయ్యిని బావిలో చేదలాగా వదిలేసి, ఒంటి ఊపుతో చిన్న చిన్న సున్నాలు చుట్టనివ్వండి. ఒకటి రెండు నిమిషాలు చాలు. ఇది కాడ్‌మన్ చెప్పిన వ్యాయామం. నొప్పి కాలంలో కూడా దీన్ని చేయవచ్చు. నొప్పి తగ్గాక గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను సాలీడులాగా పైకి పాకించండి. ఆగిన చోట సుద్దముక్కతో గీత గీయండి. రోజూ కాదు, వారానికి ఒక గీత. నెలకు నాలుగు గీతలు గోడమీద ఎక్కుతుంటే మనిషికి వచ్చే ధైర్యం ఏ మాత్రతోనూ రాదు. పైకి ఎత్తేటప్పుడు భుజాన్ని చెవి దాకా ఎగరేయకండి, అది రెక్క ఎముక చేసే మోసం.

బయటి తిరుగుడుకు ఒక కర్ర చాలు. వెల్లకిలా పడుకుని, మోచేతులు పక్కలకు ఆనించి, రెండు చేతులతో కర్ర అడ్డంగా పట్టుకుని, బాగున్న చేత్తో ఆ కర్రను నెట్టి, బిగిసిన చెయ్యిని బయటికి పోనివ్వండి. వీపు వెనక్కి పోనివ్వడానికి తువ్వాలు ఒక చివర పైచేత్తో, ఇంకో చివర కిందచేత్తో పట్టుకుని వీపు రుద్దుకున్నట్టు లాగండి. ఇంట్లో దూలం ఉంటే బావి గిలక ఒకటి కట్టి, తాడు వేసి, బాగున్న చేత్తో లాగుతూ రెండోదాన్ని పైకి తీసుకోండి. రోజుకు ఒకసారి గంటసేపు చేయడంకన్నా అయిదు నిమిషాలు చొప్పున నాలుగైదుసార్లు చేయడం మేలు. చేస్తున్నప్పుడు లాగినట్టు ఉండాలి. ఆ లాగుడు అరగంటలో సర్దుకుంటే సరైన మోతాదు. రాత్రంతా సలిపితే మర్నాడు సగం చేయండి. బలవంతులైన ఇద్దరు చెరో పక్క పట్టుకుని చెయ్యి విరిచి 'విడదీయడం' కొన్ని ఊళ్లలో చూస్తాం. ఎముక పలుచబడిన ముసలివాళ్లకు అలా చేస్తే ఎముకే విరుగుతుంది. నూనె రాసి మెల్లగా పామించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, హాయిగా ఉంటుంది. కాని పామడం వల్ల సంచి సాగదు.

పడుకునేటప్పుడు నొప్పి లేని పక్కకు తిరిగి, బిగిసిన చెయ్యి కింద ఒక దిండు పెట్టి ఆనించండి. చొక్కాగాని రవికగాని తొడిగేటప్పుడు బిగిసిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. ముందువైపు గుండీలు, హుక్కులు ఉన్నవి కుట్టించుకోండి. రోజూ వాడే డబ్బాలు అటక మీంచి దింపి నడుము ఎత్తులో పెట్టండి. దండెం ఒక మూర కిందికి దింపండి. అయితే తేలికైన పనులన్నీ లాక్కుని మనిషిని మంచాన కూర్చోబెట్టకండి. కూరలు తరగడం, బల్ల తుడవడం, పూలు కట్టడం వంటివి ఆ చేత్తోనే చేయనివ్వండి.

చివరగా మన సరిహద్దులవాళ్లకు మాత్రమే ఉండే ఒక చిక్కు. ఇంట్లో తెలుగు, ఆస్పత్రిలో ఇంకో భాష. 'చెయ్యి లేవడం లేదు' అని మన మాటను అలాగే వాళ్ల భాషలోకి తిప్పి చెబితే డాక్టరు పక్షవాతమనుకుని ఆ పరీక్షలు మొదలుపెట్టవచ్చు. కాబట్టి భుజం అనే మాట తప్పకుండా చెప్పండి. కన్నడంలో భుజ అంటే చాలు. తమిళంలో తోళ్‌పట్టై. ఒడియాలో కాంధ. మరాఠీలో ఖాందా. మాట రాకపోతే చేసి చూపించండి. జడ వేసుకోబోయి ఎక్కడ ఆగిపోతుందో, వీపు వెనక్కి బొటనవేలు ఎంతవరకు పోతుందో చూపించండి. ఎన్ని నెలలైందో వేళ్ల మీద చెప్పండి. చక్కెర మాత్రలు వాడుతుంటే ఆ అట్ట జేబులో పెట్టుకెళ్లి బల్లమీద పెట్టండి. ఒక భుజం బాగయ్యాక కొన్నేళ్లకు రెండో భుజం పట్టేవాళ్లు కొందరుంటారు. అప్పుడు గోడమీది పాత సుద్దగీతల పక్కనే ఇంకో వరస మొదలుపెట్టండి. ఈసారి మొదటి నెలలోనే.